చించినాడ రేవు దాటి వచ్చిన ఫియట్

మా నాన్నగారి కారు 1967 మోడల్ ఫియట్ 1100 డిలైట్. రాజోలు వైపు, ఏటిగట్టుకు కూతవేటు దూరంలో ఉన్న మా ఊరికి అది 1975లో వచ్చింది. నాన్నగారు డాక్టరు. అప్పటిదాకా చుట్టుపక్కల లంకల్లో రోగులను చూడటానికి సైకిలు మీద, రేవు వస్తే పడవ మీద వెళ్లేవారు. పాలకొల్లులో ఒక బియ్యం మిల్లు యజమాని అంబాసిడర్ కొనుక్కుని ఫియట్‌ను అమ్మేస్తున్నారని కబురు రాగానే వెళ్లి చూసి, అదే రోజు బయానా ఇచ్చి వచ్చారు. కొత్త కారు కావాలంటే డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూడవలసిన కాలం అది. మంచి పాత కారు దొరకడం కూడా అదృష్టం కిందే లెక్క.

పాలకొల్లు నుంచి మా ఊరికి రావాలంటే గోదావరి పాయ వసిష్ఠ దాటాలి. చించినాడ వంతెన అప్పటికి లేదు. కారును రేవులో పంటు ఎక్కించాలి. రెండు పెద్ద పడవలను పక్కపక్కన బిగించి, వాటి మీద అడ్డంగా బల్లలు పరిస్తే పంటు. ఒడ్డు నుంచి దాని మీదకు రెండు మందపాటి పలకలు వేస్తారు. కారు చక్రాలు సరిగ్గా ఆ పలకల మీదుగా ఎక్కాలి. ఏరు పోటు మీద ఉంటే పలకలు చదునుగా ఉంటాయి, పాటు మీద ఉంటే నిట్రంగా ఉంటాయి. ఆ రోజు పాటు మీద ఉంది. సరంగు ముందు నిలబడి రెండు చేతులతో సైగలు చేస్తుంటే, మిల్లు డ్రైవరు మొదటి గేరులో ఒక్కో అంగుళం చొప్పున ఎక్కించాడు. చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టారు. నాకు పన్నెండేళ్లు. అవతలి ఒడ్డు వచ్చేదాకా ముందు మడ్‌గార్డు మీద చెయ్యి వేసి నిలబడ్డాను. లేత ఆకుపచ్చ రంగు, ఎండకు వేడెక్కిన రేకు, పంటు బల్లల మీద తారు వాసన. ఊరి రేవులో సగం ఊరు ఎదురొచ్చింది.

ఆ కారు గురించి కాస్త చెప్పాలి. ఎందుకంటే తరువాత నేను పడిన వెతుకులాటంతా దీని మీదే ఆధారపడి ఉంది. ఇటలీ ఫియట్ కంపెనీ 1100ను మన దేశంలో బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్లు తయారు చేసేవారు. ఎలిగెంట్, సూపర్ సెలెక్ట్ అనే మోడళ్లు అయ్యాక 1964లో డిలైట్ వచ్చింది. 1970ల మొదట్లో ఫియట్‌తో ఒప్పందం ముగిసి ఆ పేరు పోయింది. కొద్దికాలం ప్రీమియర్ ప్రెసిడెంట్ అన్నారు, ఆ తరువాత ప్రీమియర్ పద్మిని అన్నారు. పేర్లు ఎన్ని మారినా లోపల ఇంజిన్ అదే: నాలుగు సిలిండర్లు, 68 మిల్లీమీటర్ల బోరు (సిలిండరు వెడల్పు), 75 మిల్లీమీటర్ల స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం), మొత్తం 1089 సీసీ. గేరు కడ్డీ స్టీరింగ్ పక్కనే. ఆ పద్మిని దాదాపు 2000 వరకు తయారైంది. కాబట్టి పిస్టన్లు, రింగులు, బేరింగులు, వాల్వులు వంటి వాటికి కరవు ఉండదు. కరవంతా కంటికి కనిపించే వాటికే. గ్రిల్లు, బ్యాడ్జీలు, డాష్‌బోర్డు సామాను, తలుపు హ్యాండిళ్లు, సీట్ల రెక్సిన్ కాలంతో పాటు మారుతూ వచ్చాయి. డిలైట్‌ను డిలైట్‌గా నిలబెట్టాలంటే అవే కావాలి.

నాన్నగారి చేతిలో ఆ కారు పదకొండేళ్లు ఏ లోటూ లేకుండా నడిచింది. అర్ధరాత్రి కాన్పులకు వెళ్లింది. రోగిని వెనక సీట్లో పడుకోబెట్టుకుని అమలాపురం ఆసుపత్రికి వెళ్లింది. పెళ్లికొడుకులను ఊరేగించింది. ఇంతలో 1986 ఆగస్టు వచ్చింది.

ఆ వరద సంగతి గోదావరి జిల్లాల్లో మా వయసు వాళ్లకు చెప్పనక్కరలేదు. ఆగస్టు 16న ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పోయింది. మా ఊరి వైపు గట్టుకు గండి పడి, కారు పాకలో సీట్ల ఎత్తున నీళ్లు నిలిచాయి. మేమంతా మేడ మీద. నీళ్లు తీశాక తలుపు తెరిస్తే లోపల జానెడు మందాన ఒండ్రు. నాన్నగారు ఇంజిన్ నూనె అంతా తీయించి, కిరోసిన్‌తో కడిగించి, డైనమోను ఎండబెట్టించి మళ్లీ నడిపించారు. కాని తలుపుల అడుగున, నేల రేకు మడతల్లో చేరిన ఒండ్రును ఎవరూ పూర్తిగా తీయలేరు. అది తడిని వదలదు. దానికి మా సముద్రపు గాలిలోని ఉప్పు తోడు. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, రేకు మాత్రం లోపలి నుంచి తుప్పుకు ఆహుతవుతుంది. ఆరేడేళ్లకు నేల రేకులోంచి రోడ్డు కనిపించసాగింది. నాన్నగారు కారును పాకలో పెట్టి తాళం వేశారు, అమ్మలేదు. "దాని రుణం నాకు తీరలేదు" అనేవారు, ఎవరైనా బేరానికి వస్తే.

1996 నవంబరు తుపాను రాత్రి కోనసీమలో కొబ్బరితోటలు తోటలుగా కూలిపోయాయి. మా దొడ్లోని చెట్టు ఒకటి కారు పాక మీద పడింది. కారు కప్పు సొట్టపోయింది, ముందు అద్దం పొడి అయింది. రెండేళ్లకు నాన్నగారు పోయారు.

నేను కారు పని మొదలుపెట్టింది 2003లో. భీమవరంలో బ్యాంకు ఉద్యోగం. సెలవు రోజుల్లో పాలకొల్లు షెడ్డు. లారీ మీద కారును ఎక్కించి, అప్పటికి వచ్చిన చించినాడ వంతెన మీదుగా తీసుకొచ్చాను. షెడ్డు మేస్త్రీగారికి ఆ కారు కొత్త కాదు. మిల్లు యజమాని దగ్గర ఉన్న రోజుల్లో దానికి క్లచ్ ప్లేట్లు మార్చింది ఆయన గురువుగారు. పక్కన పానాలు అందించింది ఈయన. కారు చుట్టూ ఒకసారి తిరిగి, తలుపు అడుగున వేలితో నొక్కి చూసి, అన్నారు: "ఇంజిన్ సంగతి నాకు వదిలెయ్యండి బాబూ. పద్మిని సామాను దొరికినన్నాళ్లు దానికి లోటు లేదు. పైసామాను మీరు తేవాలి. దొరికితే ఒరిజినలే తెండి. లేకపోతే ఉన్నదాన్నే బాగుచేస్తాను. డూప్లికేట్ మాత్రం నా షెడ్డులోకి తేవద్దు."

ఆ మాట ఎందుకన్నారో ఇంజిన్ దించిన రోజున తెలిసింది. డెల్టా షెడ్లకు అలవాటైనవి అంబాసిడర్లు, జీపులు. వాటి నట్లూ బోల్టులూ అంగుళాల కొలతవి. ఫియట్‌వి మిల్లీమీటర్ల కొలతవి. 14 మిల్లీమీటర్ల బోల్టు తలకు 9/16 అంగుళాల పానా పడుతుంది, కాస్త వదులుగా. అలా విప్పీ బిగించీ మూలలన్నీ అరిగిపోయాయి. అంతకంటే ఘోరం రంధ్రాల సంగతి. 8 మిల్లీమీటర్ల రంధ్రంలో 5/16 అంగుళాల బోల్టు పెడితే ఒకటి రెండు చుట్లు తిరుగుతుంది, తరువాత బిగుసుకుంటుంది. లావు దాదాపు ఒకటే, మరకూ మరకూ మధ్య దూరం వేరు. బలవంతం చేస్తే లోపలి మరలు చెడతాయి. ఫియట్ సిలిండర్ హెడ్ అల్యూమినియంది, ఇనుముకన్నా మెత్తన. అందులో అలా పాడైన రంధ్రాలు కనిపించాయి. ఎవరో ఏ అర్ధరాత్రో రోగి ఎదురుచూస్తుండగా చేతికి దొరికిన బోల్టు బిగించి ఉంటారు, వాళ్లను తప్పు పట్టను. కాని మేస్త్రీగారు ఆ రంధ్రాలను ఒక్కొక్కటే పెద్దవి చేసి, లేతు మీద బుష్‌లు, అంటే చిన్న తొడుగులు, తీయించి, వాటిలో మళ్లీ సరైన మరలు కోసి, హెడ్ అడుగును ఫేసింగ్‌తో చదును చేయించడం చూశాక, సరైన వస్తువు అంటే ఏమిటో నాకు పూర్తిగా అర్థమైంది.

తలుపులు ఆ తరువాతి సమస్య. నాలుగింటిలో రెండు పనికిరావు. అడుగు రేకు ఊడి చేతిలోకి వచ్చింది. పద్మిని తలుపులు తెచ్చి బిగించవచ్చు. కాని లోపలి హ్యాండిళ్లు, అద్దం తిప్పే పిడులు డిలైట్‌వే కావాలని నా పట్టుదల. అప్పుడు ఆచంట వైపు ఒక ఊళ్లో, మూతబడ్డ రైసుమిల్లు వెనక, ఒక డిలైట్ ఉందని తెలిసింది. చెప్పింది షెడ్డుకు బియ్యం లారీ తెచ్చిన డ్రైవరు. డెల్టాలో పాత సామాను జాడలు లారీ డ్రైవర్లకు, పాత కాంపౌండర్లకు, మిల్లు గుమాస్తాలకు తెలిసినంతగా ఎవరికీ తెలియవు.

వెళ్లి చూస్తే కారుకు చక్రాలు లేవు, ఇంజిన్ లేదు. వెనక సీటు మిల్లు అరుగు మీద బల్లగా ఉపయోగపడుతోంది. డిక్కీలో కోళ్లు గుడ్లు పెడుతున్నాయి. కాని అది మెరక మీద ఉంది. వరద నీరు దాని దగ్గరికి రాలేదు. తలుపులు తీసి వేస్తే ఖంగుమని మూసుకున్నాయి, ఆ చప్పుడు నాకు చిన్నప్పటి నుంచి తెలిసిందే. ఆ మిల్లు యజమాని భార్య, ఎనభై దగ్గర పడిన పెద్దావిడ, వరండాలో కూర్చుని అంతా చూస్తున్నారు. ఏ ఊరు, ఎవరి అబ్బాయివి అని అడిగారు. చెప్పాను.

"డాక్టరుగారి అబ్బాయివా? మా రెండోవాడికి టైఫాయిడ్ వస్తే పంటు దాటి వచ్చారు ఆయన. తీసుకెళ్లు నాయనా. ఇనప సామాన్లవాడు కిలోకు ఎంతిస్తానన్నాడో అంతే ఇవ్వు, ఎక్కువ వద్దు."

నాలుగు తలుపులు, ముందు గ్రిల్లు, హెడ్‌లైటు రింగులు ఆ రోజే విప్పించాం. బయలుదేరబోతుంటే ఆవిడ లోపలి నుంచి ఒక లెక్కల పుస్తకం తెప్పించారు. ఎర్ర గుడ్డ అట్ట, పొడుగాటి పద్దుల పుస్తకం. ఆమె భర్త ఆ కారుకు చేయించిన ప్రతి పనినీ తేదీ వేసి రాసుకున్నారు: ఏ సామాను, ఏ ఊళ్లో, ఏ కొట్లో, ఎంతకు కొన్నారో. ఫ్యాన్ బెల్టు కాకినాడలో. కార్బ్యురేటర్ కిట్టు రాజమండ్రిలో. ముందు చక్రాలు పక్కలకు తిరగడానికి ఆధారమైన కింగ్ పిన్నుల సెట్టు మద్రాసు నుంచి రైలు పార్సిలులో. చివర చివర అక్షరాలు వణికాయి, అయినా పద్దు తప్పలేదు. నాకు దొరికిన వాటన్నిటిలోకీ విలువైనది ఆ పుస్తకమే. సామాను ఒకసారి బిగిస్తే అయిపోతుంది. ఆ పుస్తకం మిగతా సామాను ఎక్కడ దొరుకుతుందో చెప్పింది.

పుస్తకం పట్టుకుని ఆ కొట్లన్నీ తిరిగాను. కాకినాడలోది సెల్‌ఫోన్ల దుకాణం అయింది. ఇంకొకటి ఉన్న చోట అపార్టుమెంటు లేచింది. రాజమండ్రిలో ఒకటి మాత్రం అదే పేరుతో, అదే బల్లతో ఉంది. కూర్చున్నది కొడుకు. ఇప్పుడు అమ్మేదంతా ట్రాక్టరు సామానే. పుస్తకంలో వాళ్ల నాన్న కొట్టు పేరు చూపించగానే లేచి, అటక మీదకు నిచ్చెన వేయించాడు. ఆ సాయంత్రం అటక మీద దుమ్ములో కూర్చుని నేను చూసిన వస్తువులను ఇప్పటికీ ఒక్కొక్కటిగా చెప్పగలను. మైనపు కాగితంలో చుట్టిన బేరింగు చిప్పలు. నూనె పూసిన వాల్వులు. తెరవని పెట్టెలో సోలెక్స్ కార్బ్యురేటర్ జెట్లు. పీఏఎల్, అంటే ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్ల ముద్ర పోత పోసిన వాటర్ పంపు. ఆ ముద్ర వేలికి తగిలితే తెలుస్తుంది, పైన అచ్చు వేసింది కాదు, లోహంతో పాటు పోసింది.

అసలుదాన్ని గుర్తుపట్టడం మేస్త్రీగారి దగ్గర నేర్చుకున్నాను. పెట్టెను నమ్మకూడదు. పెట్టె, చీటీ అచ్చు వేయించడం సులువు. వస్తువును చేతిలోకి తీసుకుని బరువు చూడాలి. పోత అంచులు శుభ్రంగా గీసి ఉన్నాయా, గరుకుగా వదిలేశారా చూడాలి. యంత్రం మీద కోసిన ముఖం మీద గీతలు సమంగా తిరిగాయా చూడాలి. మరలను కొత్త నట్టుతో వేలితో తిప్పి చూడాలి. ఇవన్నీ సరిపోయాక కూడా ఒక విషయం ఉంది: పాత స్టాకు అన్నంత మాత్రాన అంతా మంచిది కాదు. ఇనుము, ఇత్తడి, పోత సామాను నూనె కాగితంలో ఎన్నేళ్లయినా ఉంటుంది. రబ్బరు ఉండదు. వాడకపోయినా పెట్టెలోనే బిరుసెక్కి పగుళ్లు ఇస్తుంది. అందుకే అటక మీద దొరికిన ఒరిజినల్ బ్రేకు రబ్బర్లను మేస్త్రీగారు చూసి నమస్కారం పెట్టి పక్కన పెట్టేశారు.

బ్రేకు రబ్బర్ల విషయంలో నాకు ఇంకా కోపం తగ్గలేదు. ఒక పట్నంలో ఒక పెద్ద కొట్టువాళ్లు "కంపెనీ సామానండి, మీకు అనుమానమే వద్దు" అని చెప్పి, చక్కటి పెట్టెలో పెట్టి ఇచ్చారు. మేస్త్రీగారు బయటికి వెళ్లిన రోజున షెడ్డు కుర్రవాడు వాటిని బిగించాడు. బ్రేకు నూనెకు తట్టుకునే రబ్బరు వేరే ఉంటుంది. అది కాని రబ్బరు ఆ నూనెలో నానితే ఉబ్బుతుంది. కారు గట్టు మీద నెమ్మదిగా వెళుతుండగా ముందు చక్రాలు రెండూ పట్టేశాయి. వేగంలో ఉంటే గట్టు దిగి కాలువలో ఉండేవాళ్లం. గ్రిల్లు నకిలీదైతే అందం పోతుంది. బ్రేకు రబ్బరు నకిలీదైతే మనిషి పోతాడు. ఈ రెంటికీ ఒకే ధైర్యంతో దొంగ చీటీ అంటించేవాళ్లను ఏమనాలో నాకు తెలియదు.

దానికీ, మన లేతు మేస్త్రీలు చేసే పనికీ పోలిక లేదు. కార్బ్యురేటర్ థ్రాటిల్ కడ్డీ అరిగి, పక్కనుంచి గాలి పీల్చుకుని ఇంజిన్ నిలకడగా తిరగలేదు. కొత్త డూప్లికేట్ కార్బ్యురేటర్ చవకగానే వచ్చేది. నరసాపురంలో పడవ ఇంజిన్ల పని చేసే ఒక లేతు మేస్త్రీ దగ్గరికి పాతదాన్నే తీసుకెళ్లాం. ఆయన కన్నాన్ని సరిచేసి, ఇత్తడి బుష్ తిప్పి, కడ్డీని వెంట్రుకవాసి కూడా వదులు లేకుండా కూర్చోబెట్టారు. అరిగిన అసలు వస్తువును బాగుచేసుకోవడం, కొత్త నకిలీ కన్నా వెయ్యి రెట్లు మేలన్నది అప్పటి నుంచి నా నమ్మకం. ఆ కార్బ్యురేటరే ఇప్పటికీ ఉంది.

పుస్తకంలో మద్రాసు కొట్లు కూడా ఉన్నాయి కాబట్టి సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. జనరల్ ప్యాటర్స్ రోడ్డులో కొత్త సామాను కొట్లు, పుదుపేటలో విప్పిన సామాను వీధులు. పుదుపేటలో ఒక కొట్టు నిండా తలుపులే, ఇంకో కొట్టు నిండా స్టీరింగులే. నాకు కావలసిన పేరు తమిళంలో చెప్పలేకపోయినా, సంచిలోంచి విరిగిన పిడి తీసి చూపిస్తే చాలు, ముసలి వ్యాపారి దాన్ని తిప్పి చూసి, పేరు చెప్పి, లోపలికి వెళ్లి జత తెచ్చేవాడు. వెతకబోయేవాళ్లకు నేను చెప్పేది ఇదే: పాతదాన్ని, ఎంత విరిగినదైనా, వెంట తీసుకెళ్లండి.

బొంబాయి వెళ్లింది కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో. కారు పుట్టిన కుర్లాలోనే పాత సామాను బజారు కూడా. అప్పట్లో ఆ నగరంలో నలుపు, పసుపు రంగు పద్మిని టాక్సీలు ఎటు చూసినా ఉండేవి. అవి తిరిగినంతకాలం ఫియట్ సామానుకు బొంబాయి పుట్టిల్లు. కింగ్ పిన్నులు, పక్క చిన్న అద్దాల చట్రాలు, స్టీరింగ్ కీళ్లు అక్కడే కొన్నాను. మంచి ధరే. అంతకన్నా చెప్పుకోవలసింది లేదు, రెండు రోజులూ వాన.

ముందు అద్దం విజయవాడ ఆటోనగర్‌లో దొరికింది. తీసుకురావడమే ప్రయాస. బియ్యం దింపి ఖాళీగా తిరిగి వస్తున్న వ్యానులో మోకాలి ఎత్తున వరిగడ్డి పరిపించి, అద్దాన్ని నిలువుగా దాని మధ్యలో దిగేసి, పక్కన నేను కూర్చుని పట్టుకున్నాను. బిగించడం చూడవలసిన పని. అద్దం చుట్టూ రబ్బరు బీడింగు తొడిగి, బీడింగు గాడిలో సన్నటి తాడు పొదుగుతారు. అద్దాన్ని బయట నుంచి ఒకరు అదిమి పట్టుకుంటే, లోపల కూర్చున్నవాళ్లు తాడును కొద్దికొద్దిగా లాగుతారు. తాడు వెంట రబ్బరు పెదవి రేకు అంచు దాటి లోపలికి తిరుగుతుంది. తాడు నరసాపురం నుంచి తెచ్చిన చేపల వల తాడు. రబ్బరు జారడానికి సబ్బు నీళ్లు వాడతారు చాలామంది. మేస్త్రీగారు కుంకుడుకాయ రసం వాడారు, రబ్బరుకూ రేకుకూ హాని లేదని. అద్దం కూర్చున్నప్పుడు షెడ్డులో ఉన్నవాళ్లందరూ పని ఆపి చూశారు.

రంగు మాఘమాసంలో వేయించాం. ఆ పాత డుకో రంగుకు తేమ పడదు. గాలిలో చెమ్మ ఉంటే రంగు ఆరేటప్పుడు పైన తెల్లటి మబ్బు కమ్ముతుంది. మా ప్రాంతంలో గాలి పొడిగా ఉండేది ఏడాదిలో కొన్ని వారాలే. పెయింటరు పొద్దెక్కి మంచు విడిచాకే గన్ను పట్టేవాడు. ఏ రంగు వేయాలో తేల్చుకోవడానికి డాష్‌బోర్డు వెనక, ఎండ సోకని చోట మిగిలిన అసలు రంగు ముక్కను చూశాం. నాకు గుర్తున్న ఆకుపచ్చ కన్నా అది ముదురుగా ఉంది. ఆ ముక్కకే సరిపెట్టించాను. జ్ఞాపకం కన్నా రేకు మీద నమ్మకం ఎక్కువ.

2006లో కారు బయటికి వచ్చింది. అమ్మ వెనక సీట్లో, ఎప్పుడూ కూర్చునే ఎడమ పక్కన కూర్చుంది. చించినాడ వంతెన మీద గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో వెళుతుంటే కిందకు చూసి, "మీ నాన్న ఈ వంతెన చూడలేదు" అంది. తరువాత ఆచంట వైపు కూడా తీసుకెళ్లాను. మిల్లు పెద్దావిడ తలుపు తెరిచి, మూసి, మళ్లీ తెరిచి మూశారు. పద్దుల పుస్తకం తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు. మిగిలిన కాగితాలు నన్ను నింపమన్నారు. అప్పటి నుంచి నేను కొన్న ప్రతి సామానూ అందులోనే రాస్తున్నాను, ఆయన పెట్టిన వరుసలోనే: తేదీ, వస్తువు, ఊరు, కొట్టు, ధర.

ఇప్పుడు సామాను మరీ అరుదైపోతోంది. బొంబాయిలో చివరి పద్మిని టాక్సీ రిజిస్టరైంది 2003 అక్టోబరు 29న. అక్కడ టాక్సీల వయోపరిమితి ఇరవై ఏళ్లు. కాబట్టి 2023 అక్టోబరు ఆఖరుతో అవి రోడ్డు మీద నుంచి పోయాయి. తిరిగే బండి లేకపోతే దాని సామాను ఉంచే వ్యాపారి ఉండడు. ఆ నెలలో బొంబాయిలోని ఒక పాత వ్యాపారికి ఫోను చేసి, ఉన్న కింగ్ పిన్ను సెట్లు, క్లచ్ ప్లేట్లు పార్సిలు చేయించుకున్నాను. చక్రాలకు 5.20-14 కొలత టైర్లు కూడా చూసిన చోటల్లా కొని దాచవలసి వస్తోంది.

2021లో కేంద్రం పాతకాలపు వాహనాలకు కొత్త నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్నవాటికి వీఏ అక్షరాలతో వేరే నంబరు ఇస్తారు. మా కారుకు అర్హత ఉంది. అన్ని కాగితాలూ ఉన్నాయి. కాని ఆ నంబరు తీసుకుంటే కారును రోజువారీ పనులకు రోడ్డు మీద తిప్పకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతులకు మాత్రమే. అమలాపురం సంతకు వెళ్లలేని కారు మా నాన్నగారి కారు ఎలా అవుతుంది? అందుకే మామూలు రిజిస్ట్రేషన్‌నే అయిదేళ్లకొకసారి పొడిగించుకుంటున్నాను.

మేస్త్రీగారు షెడ్డును కొడుకుకు అప్పగించారు. అక్కడ ఇప్పుడు కంప్యూటర్ తగిలించి కార్ల జబ్బు చూస్తారు. ఫియట్ వస్తే మాత్రం కుర్చీ బయట వేయించుకుని కూర్చుంటారు.

ఇంకా రెండు వస్తువులు కావాలి. డిక్కీ మీది డిలైట్ బ్యాడ్జి, డిలైట్ స్పీడోమీటర్. ఇప్పుడున్నది పద్మినిది. పని చేస్తుంది, కాని మాది కాదు. మండపేట వైపు ఒక కొబ్బరితోటలో 1968 మోడల్ ఒకటి ఉందనీ, డాష్‌బోర్డు చెక్కుచెదరలేదనీ మొన్న ఒక కొబ్బరి వ్యాపారి చెప్పారు. తోట యజమాని హైదరాబాదులో కూతురి దగ్గర ఉన్నారట. సంక్రాంతికి ఊరికి వస్తారు. పండుగ మూడు రోజులూ అయ్యాక వెళ్లి కలుస్తాను, పద్దుల పుస్తకం వెంట తీసుకుని.